దీపం ఎవరిది, దారి ఎవరికి?

(రోడ్డు భద్రతా మాసోత్సవాల సందర్భంగా అంబులెన్స్ డ్రైవర్లు, ట్రాఫిక్ సిబ్బంది, కళాశాల విద్యార్థులు హాజరైన సభలో ఒక విశ్రాంత మోటారు వాహనాల తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న 108 పైలట్లకు, అంటే అంబులెన్స్ డ్రైవర్లకు, బండిలో పేషెంటును చూసుకునే ఈఎంటీలకు, ప్రైవేటు అంబులెన్సులు నడుపుతున్న తమ్ముళ్లకు, డ్యూటీ మధ్యలో వచ్చిన ట్రాఫిక్ కానిస్టేబుళ్లకు, వెనక చోటు చాలక నిలబడ్డ కాలేజీ పిల్లలకు అందరికీ నమస్కారం.

అత్యవసర వాహనాల దీపాలు, సైరన్ల గురించి చట్టం ఏం చెబుతోందో మాట్లాడమన్నారు. రవాణా శాఖలో పనిచేసినవాణ్ని గదా, సెక్షన్లు చెప్పకుండా ఉండలేను. కానీ ముందు ఒక్క మాట. ఈ గంటసేపు నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బండి మీద తిరిగే దీపాన్ని, బండిలోంచి వచ్చే కూతను మన సమాజం చాలాకాలం హోదా కింద చూసింది. చట్టం మాత్రం దాన్ని ఆ నిమిషంలో ఆ బండి చేస్తున్న పనికి ఇచ్చిన అనుమతిగానే చూస్తుంది. పని అయిపోతే అనుమతీ అయిపోయినట్టే. బండి అదే, డ్రైవరు అతనే, దీపమూ అదే. అయినా పేషెంటును ఆసుపత్రిలో దించి తిరిగి వస్తున్నప్పుడు ఆ స్విచ్ వేసే హక్కు మీకు లేదు.

ఇప్పుడు రూల్స్. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో రెండే రెండు మీరు గుర్తుపెట్టుకుంటే చాలు. దీపాలకు 108వ నిబంధన, కూతలకు 119వ నిబంధన. అంబులెన్స్ నంబరు, దీపాల రూల్ నంబరు ఒకటే కావడం కాకతాళీయం, కాకపోతే పిల్లలకు గుర్తుంటుంది.

108వ నిబంధన మొదటి వాక్యం చాలా సూటిగా ఉంటుంది. ఏ మోటారు వాహనమూ ముందుకు ఎర్ర వెలుతురు చూపకూడదు, వెనక్కి ఎరుపు తప్ప వేరే వెలుతురు చూపకూడదు. ఎందుకలా? చీకట్లో ఎదురుగా ఎర్ర లైటు కనిపిస్తే అది మనకు ముందు అదే దిక్కులో పోతున్న బండి అనుకుంటాం. తెల్ల లైటు కనిపిస్తే మన మీదికి వస్తోందనుకుంటాం. రాత్రిపూట హైవే మీద మన ప్రాణాలు ఈ ఒక్క అలవాటు మీద నిలబడి ఉన్నాయి. అందుకే దాన్ని ఎవరు చెరిపినా ప్రమాదమే. ముందు ఆ సాధారణ సూత్రం చెప్పి, ఆ తర్వాత మినహాయింపులు ఒక్కొక్కటే చెబుతుంది నిబంధన. బండి లోపలి లైట్లు, ఇండికేటర్ల పసుప్పచ్చ, రివర్సులో వెలిగే తెల్ల లైటు, నంబరు ప్లేటు మీద పడే లైటు, ట్రాక్టరు దున్నేటప్పుడు వాడే లైటు. వీటి మధ్యలోనే ఉంది మీ సంగతి: రోగులను తీసుకెళ్లే అంబులెన్స్ వ్యానుకు బిగించిన, ఊదారంగు అద్దంతో మిణుకుమిణుకుమనే ఎర్ర దీపం.

"రోగులను తీసుకెళ్లే" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. రూల్ రాసినవాళ్లు అంబులెన్స్ అని ఊరుకోలేదు, ఆ బండి పనేమిటో కూడా రాశారు. శవాన్ని తీసుకెళ్లే బండి సైరన్ వేసుకుని ఊళ్లోంచి దూసుకుపోవడం నేను చాలాసార్లు చూశాను. చనిపోయినవారి మీద గౌరవం ఉండాలి, వారి ఇంటివాళ్ల దుఃఖం మనకూ దుఃఖమే. కానీ అక్కడ నిమిషాలతో పని లేదు. ఆ బండి కోసం పక్కకు తప్పుకున్న ఆటో డ్రైవరు, అది శవాల బండి అని చూశాక, మళ్లీసారి అంత తొందరగా పక్కకు తప్పుకోడు. ఆ మళ్లీసారి బండిలో ఉండేది ఎవరి తల్లో, ఎవరి బిడ్డో.

అదే నిబంధనలో ఒకప్పుడు ఇంకో మినహాయింపు ఉండేది. కేంద్రమో రాష్ట్రమో పేర్కొన్న ఉన్నత పదవుల్లోని వారి వాహనాలకు ఎర్ర దీపం. అదే మన బుగ్గ కారు. దాంట్లోనూ రెండు తరగతులు. ఫ్లాషరుతో వెలిగే ఎర్ర దీపం ఒక జాబితాకు, ఫ్లాషరు లేని ఎర్ర దీపం మరో జాబితాకు. ఆ పెద్దమనిషి బండిలో లేనప్పుడు దీపం వెలిగించకూడదు, దాని మీద నల్ల తొడుగు వేయాలి అని కూడా రూల్ ఉండేది. నల్ల తొడుగు వేసిన బుగ్గ కారు మీలో ఎంతమంది చూశారు? చేతులెత్తండి... చూశారా, ఇంత హాల్లో ఒక్క చెయ్యి కూడా లేవలేదు. రూల్ కాగితం మీద ఉంది, తొడుగు డిక్కీలో ఉంది.

జాబితా కేంద్రంతో ఆగలేదు. రాష్ట్రాలు తమ తమ జాబితాలు పెంచుకుంటూ పోయాయి. కార్పొరేషన్ చైర్మన్లు, కమిటీల అధ్యక్షులు, జిల్లా స్థాయి అధికారులు అందరికీ బుగ్గ. అది చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అభయ్ సింగ్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అన్న కేసు. 2013 డిసెంబరు 10న జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ, జస్టిస్ సి. నాగప్పన్‌ల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఎర్ర దీపం రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారికే, అదీ డ్యూటీలో ఉన్నప్పుడే అని చెప్పింది. యూనిఫారం వేసుకుని అత్యవసర పనిచేసేవారికి నీలం, తెలుపు, రంగురంగుల దీపాలు వాడుకోవచ్చని చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు గానీ నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. 119వ నిబంధనలో పేర్కొన్న వాహనాలకు తప్ప మరే వాహనానికీ పలు స్వరాల హారన్ ఉండకూడదు, దీన్ని అమలు చేసే పోలీసులు, అధికారులు భయపడకుండా, ముఖం చూడకుండా జరిమానా వేయాలి అని. "ముఖం చూడకుండా" అన్న మాట నాలాంటివాళ్లను ఉద్దేశించి చెప్పిందే. రోడ్డు మీద పెద్దవాళ్ల బండిని ఆపి హూటర్ పీకించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాడికే తెలుసు.

తర్వాత 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉన్నత పదవుల మినహాయింపును నిబంధనలోంచే తీసేశారు. రాష్ట్రపతి, ప్రధాని, ముఖ్యమంత్రి, ప్రధాన న్యాయమూర్తి ఎవరికీ బుగ్గ లేదు. మన సర్వీసులో అంత పెద్ద మార్పు ఒక్క సంతకంతో అయిపోవడం నేను మళ్లీ చూడలేదు. దాని బదులు ఇప్పుడున్నది ఇది. ఎరుపు, నీలం, తెలుపు కలిసిన రంగుల దీపం మూడు రకాల పనులకే వాడాలి. మంటలు ఆర్పే పని ఒకటి. శాంతిభద్రతల కోసం పోలీసులు, సైన్యం, పారామిలిటరీ చేసే పని రెండోది. భూకంపం, వరద, తుపాను, సునామీ, కొండచరియలు విరగడం, రసాయన ప్రమాదాల వంటి విపత్తుల పని మూడోది. ఆ పని మీద లేనప్పుడు దీపం వెలగకూడదు. ఎవరెవరికి అనుమతి ఇచ్చారో రాష్ట్ర రవాణా శాఖ ఏటా బహిరంగంగా ప్రకటించాలి. ఆ ప్రకటన చదివే అలవాటు మనకు రావాలని నా కోరిక. కాలేజీ పిల్లలూ, అది మీ పని.

బుగ్గ అయితే పోయింది. కూత పోలేదు. ఇది బాధతో చెప్తున్నాను. కారు మీద పైన ఏమీ కనపడదు, ముందు గ్రిల్లు వెనక మాత్రం హూటర్ ఉంటుంది. ముందు అద్దం లోపల ఎరుపు, నీలం స్ట్రోబు లైట్లు, అంటే గబగబా మిణుకుమనే లైట్లు, దాచి పెడతారు. 2024లో పుణెలో శిక్షణలో ఉన్న ఒక ఐఏఎస్ అధికారిణి సొంత ఆడి కారుకు రంగుల దీపం పెట్టుకున్న వ్యవహారం దేశమంతా చూసింది. అది ఒక పేరున్న కారు కాబట్టి వార్త అయింది. మన జిల్లాల్లో తెల్ల స్కార్పియోలకు, ఫార్చూనర్లకు ఉన్నవి వార్తలు కావు.

ఇక 119. ఇది హారన్ల నిబంధన. ప్రతి బండికీ హారన్ ఉండాలి అని మొదలవుతుంది. రెండో ఉపనిబంధన ఒకదాని వెంట ఒకటి వేర్వేరు స్వరాలు పలికే హారన్ గానీ, మరీ కర్ణకఠోరంగా, కీచుగా, గట్టిగా, బెదరగొట్టేలా మోగే ఇంకే సాధనం గానీ ఏ బండికీ బిగించకూడదంటుంది. మోగించకూడదు అనడంలేదు, బిగించకూడదు అంటోంది. "పెట్టించుకున్నాను గానీ వాడటం లేదు సార్" అన్న మాట చెల్లదన్నమాట. మూడో ఉపనిబంధన మినహాయింపు. అంబులెన్సులు, అగ్నిమాపక, సహాయక వాహనాలు, పోలీసు అధికారుల వాహనాలు, నిర్మాణ యంత్రాలు నడిపేవారు, డ్యూటీలో ఉన్న రవాణా శాఖ అధికారులు. వీళ్లు కూడా ఏ కూత పడితే ఆ కూత పెట్టుకోవడానికి లేదు. ఆ బండి ఏ రిజిస్టరింగ్ అధికారి పరిధిలో ఉంటుందో ఆ అధికారి ఆమోదించిన శబ్దమే వాడాలి.

ప్రైవేటు అంబులెన్స్ తమ్ముళ్లు ఈ ఒక్క విషయం బాగా వినాలి. ఆటోనగర్‌లో సైరన్ సెట్లు దొరుకుతాయి. వంద వాట్ల స్పీకరు, డ్యాష్‌బోర్డు కింద పెట్టే చిన్న యాంప్లిఫయరు పెట్టె, దానికి మైకు, నాలుగైదు బటన్లు. షాపువాడు అమ్మాడంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు. ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీకి, వచ్చిన అంబులెన్సుల్లో నేను ముందు చూసేది స్ట్రెచరు, ఆక్సిజన్ సిలిండరు బిగింపు, ఆ తర్వాత సైరన్. ఒక్కో బండిలో ఆ బటన్లలో ఒకదాని మీద పోలీసు బండి శబ్దం, ఇంకోదాని మీద పిల్లి అరుపు, మరోదాని మీద సినిమా పాట ట్యూను ఉండేవి. అవి పెట్టుకున్నవాళ్లు చెడ్డవాళ్లు కారు. జనం పక్కకు తప్పుకోవడం లేదు కాబట్టి కొత్త శబ్దం పెడితే తప్పుకుంటారేమోనన్న ఆశ. కొత్త శబ్దం వింటే జనం ముందు ఇదేమిటా అని ఆలోచిస్తారు. మీకు కావలసింది వాళ్లు ఆలోచించకుండానే పక్కకు జరగడం. అందుకు అందరికీ తెలిసిన కూతే ఉండాలి.

ఇప్పుడు ఆ బటన్ల సంగతి ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. మంచి సైరన్లలో ప్రధానంగా రెండు కూతలుంటాయి. ఒకటి నెమ్మదిగా పైకి లేచి నెమ్మదిగా కిందికి దిగే ఊళ. రెండోది కుయ్‌కుయ్‌కుయ్ అని వేగంగా కొట్టుకునేది. ఖాళీ రోడ్డు మీద, హైవే మీద మొదటిది చాలు, దూరం వినిపిస్తుంది. కూడలి వస్తోందంటే ముందే రెండోదానికి మార్చాలి. ఎందుకంటే మనిషి చెవి ఒకే తీరుగా సాగే శబ్దానికి తొందరగా అలవాటు పడిపోతుంది, మార్పు వినగానే మేలుకుంటుంది. పైగా కూత ఎటునుంచి వస్తోందో పోల్చుకోవడం చెవికి చాలా కష్టం. భవనాల మధ్య శబ్దం గోడలకు తగిలి తిరిగి వస్తుంటే కారులో ఉన్నవాడు అద్దాల్లో అటూ ఇటూ వెతుక్కుంటాడు. స్పీకరు బండి ముందు భాగంలో ఉంటుంది కాబట్టి శబ్దం ఎక్కువగా ఎదురుగానే పోతుంది. పక్క రోడ్డులోంచి వచ్చేవాడికి మీరు కూడలిలోకి వచ్చేదాకా సరిగా వినపడదు.

లెక్క వేసి చూపిస్తాను. గంటకు అరవై కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. అద్దాలు ఎత్తుకుని, ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకున్న కారులోని మనిషికి మీ సైరన్ వంద మీటర్ల దూరంలో వినపడిందనుకుందాం. ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో అతను వినాలి, అంబులెన్సని తెలుసుకోవాలి, ఎటునుంచో చూడాలి, పక్కన బైకు ఉందో లేదో చూసి తప్పుకోవాలి. మీరు ఎనభై మీద వస్తే అది నాలుగున్నర సెకన్లే. కాబట్టి వేగం పెంచిన కొద్దీ సైరన్ పనిచేసే సమయం తగ్గిపోతుంది. ఇది ఏ చట్టంలోనూ రాసి ఉండదు, కానీ ప్రతి పైలట్ స్టీరింగు మీద రాసి పెట్టుకోవాలి.

చట్టం ఈ సంగతి తెలుసుకునే రాసింది. 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నియమాలు 1989 నాటి పాత రోడ్డు నియమాల స్థానంలోకి వచ్చాయి. పాతవాటిలో అగ్నిమాపక వాహనం గానీ అంబులెన్స్ గానీ వస్తుంటే పక్కకు తప్పుకుని దారి ఇవ్వాలి అని ఒక్క వాక్యం ఉండేది. కొత్తవాటిలో వరస కూడా పెట్టారు. ముందు ఫైరింజను, తర్వాత అంబులెన్స్, తర్వాత పోలీసు. రెండు ఒకేసారి కూడలికి వస్తే ఎవరు ముందో తెలియాలి గదా. మంట ఒక ఇంటితో ఆగదు, వీధంతా అంటుకుంటుంది కాబట్టి ఫైరింజనుకు మొదటి చోటు ఇచ్చారని నా అభిప్రాయం. అత్యవసర పనిలో ఉన్న వాహనం వేగ పరిమితి మించవచ్చు, ఎర్ర సిగ్నలు దాటవచ్చు. అయితే తగిన జాగ్రత్తతో. పైలట్ తమ్ముళ్లూ, ఈ "తగిన జాగ్రత్తతో" అన్నది మీ మెడ మీద ఉంది. సైరన్ వేసుకుని సిగ్నలు దాటుతుంటే అడ్డంగా వచ్చిన బైకువాడిని గుద్దితే, "నేను అంబులెన్స్" అన్న మాట కేసులోంచి బయటపడేయదు. నిర్లక్ష్యంగా నడిపితే భారతీయ న్యాయ సంహిత 281వ సెక్షను అంబులెన్సుకూ వర్తిస్తుంది. పైగా ఒక ప్రాణాన్ని కాపాడబోయి ఇంకో ప్రాణం తీసిన పాపం మీకు ఎందుకు? కూడలి దగ్గర ఒక్క రెండు సెకన్లు దాదాపు ఆగినంత పని చేయండి. అటూ ఇటూ అందరూ మిమ్మల్ని చూశారని నమ్మకం కుదిరాక కదలండి. లోపల ఈఎంటీ పేషెంటు ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కుతూ నిలబడి ఉంటాడు. మీ బ్రేకు ఒక్కసారి గట్టిగా పడితే అతను ముందు పార్టిషన్‌కు కొట్టుకుంటాడు. అది మీకు నాకంటే బాగా తెలుసు.

దారి ఇవ్వనివాళ్ల సంగతికి వద్దాం. 2019లో మోటారు వాహనాల చట్టానికి సవరణ చేసి 194ఇ అని కొత్త సెక్షను పెట్టారు. ఫైరింజను, అంబులెన్స్, రాష్ట్రం పేర్కొన్న ఇతర అత్యవసర వాహనం వస్తుంటే పక్కకు తప్పుకోని డ్రైవరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ. అనుమతి లేకుండా బండికి మార్పులు చేసినవారికి, అంటే ఈ హూటర్లు, స్ట్రోబులు బిగించుకున్న యజమానులకు, 182ఎ కింద ఒక్కో మార్పుకు ఐదువేలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శిక్షల గురించి ఇంతకంటే చెప్పను. శిక్షకు భయపడి తప్పుకునేవాడికంటే, తప్పుకోవాలని ఉన్నా ఎలా తప్పుకోవాలో తెలియనివాళ్లే నాకు రోడ్డు మీద ఎక్కువ కనిపించారు.

విజయవాడ బెంజి సర్కిల్ గానీ, హైదరాబాద్ పంజాగుట్ట గానీ, మన ఊరి కూడలి గానీ తీసుకోండి. ఎర్ర సిగ్నలు పడి ఉంది. స్టాప్ లైను దగ్గర మొదటి వరుసలో పదిహేను బైకులు. వెనక అంబులెన్స్ కుయ్‌కుయ్ మంటోంది. మొదటి వరుసలో ఉన్న కుర్రాడు వెనక్కి చూస్తాడు, పైన కెమెరా చూస్తాడు. ముందుకు కదిలితే లైను దాటినట్టు ఫోటో పడుతుంది, ఇంటికి ఈ-చలాన్ వస్తుంది. కదలకపోతే అంబులెన్స్ కదలదు. ఆ కుర్రాడిని మనం ఎలా తప్పుపట్టగలం? రెండు వైపుల నుంచీ ప్రభుత్వమే అతన్ని భయపెడుతోంది.

దీనికి నా సలహా ఇది. ముందు, ఎట్టి పరిస్థితిలోనూ అడ్డంగా వస్తున్న ట్రాఫిక్కులోకి దూకకండి. చట్టం మిమ్మల్ని పక్కకు జరగమంది, ప్రాణం మీదికి తెచ్చుకోమనలేదు. రెండు, లైను వెనకే ఉండి ఎడమకు, ఎడమకు జరగండి. పదిహేను బైకులు ఒక్కో అడుగు జరిగితే కుడివైపు ఒక బండి పట్టే దారి వస్తుంది. అది చాలకపోతే, అడ్డంగా బండ్లు రావడం లేదని చూసుకుని, లైనుకు కొంచెం ముందుకు వచ్చి ఎడమ అంచున ఆగండి. చలాన్ వస్తే దాంట్లో ఫోటో ఉంటుంది, ఆ ఫోటోలో మీ వెనక అంబులెన్స్ కూడా ఉంటుంది. చలాన్ మీద అభ్యంతరం పెట్టుకునే వీలు ఆన్‌లైన్లోనే ఉంది, పెట్టండి. మూడోది కానిస్టేబుల్ అన్నలకు: దారి ఇవ్వడానికి లైను దాటినవాడికి చలాన్ పడకుండా చూసే బాధ్యత మనది. ఫోటోలు పరిశీలించేవాళ్లు వెనకనున్న బండిని కూడా చూడాలి. కెమెరాకు ఆ వివేకం ఉండదు, దాని వెనక కూర్చున్న మనిషికి ఉండాలి.

అంబులెన్స్ పోగానే దాని తోక పట్టుకుని దూసుకుపోయేవాళ్లు ఇంకో జాతి. అంబులెన్స్ హఠాత్తుగా ఆగితే మొదట గుద్దేది వాళ్లే. అందులో ఉన్నది మీ చుట్టమే అయినా అలా వెంటపడకండి. ఆసుపత్రి ఎక్కడో మీకు తెలుసు, మీ దారిన మీరు రండి.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఈ విషయంలో చెప్పేవి వింటుంటే ముచ్చటేస్తుంది. జర్మనీలో ఆటోబాన్ మీద ట్రాఫిక్ నెమ్మదించగానే, అంబులెన్స్ ఇంకా రాకముందే, అన్నిటికంటే ఎడమ వరుసలోని బండ్లు ఎడమకు, మిగతావన్నీ కుడికి జరిగి మధ్యలో ఖాళీ దారి విడిచిపెడతాయి. అది వాళ్ల చట్టంలోనే ఉంది. అమెరికాలో సైరన్ వినగానే కుడి అంచుకు వచ్చి ఆగిపోతారు. రోడ్డు పక్కన దీపాలు వెలుగుతూ అత్యవసర వాహనం ఆగి ఉంటే, దాని పక్క వరుసలోంచి తప్పుకోవాలి, లేదా వేగం తగ్గించాలి. మూవ్ ఓవర్ అనే ఈ చట్టం అక్కడ యాభై రాష్ట్రాల్లోనూ ఉంది. మన ఊరి కుర్రాడే అక్కడ డ్రైవింగ్ టెస్టుకు చదివి దీన్ని నేర్చుకుంటాడు. ఇక్కడ లైసెన్సు టెస్టులో ఎనిమిది వేయించడం చూశాను గానీ, అంబులెన్స్ వస్తే ఏం చేస్తావని అడగడం అరుదుగానే చూశాను. ఇది మా శాఖ దిద్దుకోవలసిన సంగతి.

మన దగ్గర మంచి లేదని కాదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 మొదలైనప్పుడు, డబ్బు అడగకుండా ఇంటి ముందుకు వచ్చే అంబులెన్స్ అంటే జనం నమ్మలేదు. ఇవాళ పల్లెలో ముసలమ్మ కూడా ఆ కూత వింటే కొంగు సర్దుకుని రోడ్డు పక్కకు జరుగుతుంది. ఆ నమ్మకాన్ని సంపాదించింది పైలట్లు, ఈఎంటీలు. 2021 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక దాత గుండెను రోడ్డును నమ్ముకోకుండా నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో తీసుకెళ్లారు. 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ దాకా పదమూడు కిలోమీటర్లు పదమూడు నిమిషాల్లో అలాగే చేరవేశారు. అద్భుతమైన పని. కానీ గుండెపోటు వచ్చిన కూలీ మనిషికి మెట్రో ఆపరు. అతనికి ఉన్నది ఆ రోడ్డు, ఆ సైరన్, మన తప్పుకోవడం. చట్టంలో గోల్డెన్ అవర్‌కు నిర్వచనం కూడా రాశారు, గాయం తగిలిన తర్వాతి ఒక గంట అని. ఆ గంటలో సగం కూడళ్ల దగ్గరే కరిగిపోతే ఆసుపత్రిలో ఎంత పెద్ద డాక్టరు ఉండి ఏం లాభం?

అందుకే దుర్వినియోగం గురించి నేను ఇంత పట్టుబట్టి మాట్లాడుతున్నాను. అంబులెన్సులో గంజాయి దొరికిందన్న వార్త చదివిన ప్రతిసారీ నాకు గుర్తొచ్చేది ఆ తర్వాత వచ్చే అసలు అంబులెన్స్. భోజనానికి పోతూ సైరన్ వేసిన డ్రైవరును ఒక టీ కొట్టు ముందు పదిమంది చూస్తారు. ఆ పదిమందీ రేపు పదిచోట్ల స్టీరింగు ముందు ఉంటారు. ఆసుపత్రి దగ్గరికి వచ్చాక కూడా ఒక సంగతి ఉంది. ఆసుపత్రి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. అత్యవసరంలో మినహాయింపు ఉంది, నిజమే. కానీ గేటు లోపలికి వచ్చేశాక, ముందు అడ్డం లేనప్పుడు, ఆ కూత లోపల పడుకున్నవాళ్ల నిద్ర చెడగొట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. దీపం ఉంచండి, కూత ఆపండి.

ప్రశ్నలు అడుగుతామన్నారు. చెప్పండమ్మా... సరే, మైకు లేకుండా అడిగారు కాబట్టి అందరికీ వినిపించేలా ప్రశ్న నేను చెప్తాను. "మాది ఏజెన్సీ దగ్గరి ఊరు. 108 రావడానికి ఆలస్యమవుతుందని సొంత కారులోనో ఆటోలోనో తీసుకెళ్తాం. అప్పుడు మేం కూడా సైరన్ పెట్టుకోవచ్చా?"

పెట్టుకోకూడదు తల్లీ. ప్రాణం మీద ఉన్న మనిషిని తీసుకెళ్తున్నా సరే, మీ కారు చట్టం ప్రకారం అత్యవసర వాహనం కాదు. సిగ్నలు దాటే అనుమతీ ఉండదు. కానీ మీకు చేతనైనవి కొన్ని ఉన్నాయి. బయలుదేరే ముందే 108కి ఫోన్ చేయండి. ఏ రోడ్డులో వస్తున్నారో, ఏ బండో చెప్పండి. అంబులెన్స్ ఎదురొచ్చి మధ్య దారిలో ఎక్కించుకుంటే, అక్కణ్నుంచి ఆక్సిజన్, సైరన్, దారి అన్నీ మీకు దొరుకుతాయి. హెడ్‌లైట్లు వేసుకోండి. పక్క సీట్లో ఉన్న మనిషి కిటికీలోంచి తెల్ల గుడ్డ ఊపితే మన జనం ఇప్పటికీ తప్పుకుంటారు. పల్లెల్లో అది బాగా పనిచేస్తుంది. పట్నంలోకి వస్తుంటే అత్యవసర నంబరు 112కి చెప్పండి, కూడలి దగ్గర కానిస్టేబుల్ చెయ్యి అడ్డుపెట్టి దారి ఇస్తాడు. ఏ ఆసుపత్రికి వెళ్తున్నారో వాళ్లకు కూడా ముందే ఫోన్ చేస్తే స్ట్రెచరు గేటు దగ్గరికి వస్తుంది. ఇంకొకటి, బండి నడిపేది పేషెంటు కొడుకో భర్తో అయితే, వీలుంటే స్టీరింగు వేరేవాళ్లకు ఇవ్వండి. ఆ కంగారులో చెయ్యి నిలవదు.

ఆ తర్వాతి ప్రశ్న? ఆ బాబు, పైలట్ డ్రెస్సులో ఉన్న తమ్ముడు... "రాత్రి రెండింటికి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు సైరన్ వేయాలా?" పేషెంటు లోపల ఉంటే దీపం తప్పకుండా వేయండి. కూడలికి, మలుపుకు ముందు కూత వేయండి. మధ్యలో ఇళ్ల వరసల ముందు, రోడ్డు కనుచూపు మేర ఖాళీగా ఉంటే ఆపేయవచ్చు. అయితే కూత ఆపినంతసేపు మీ వేగం కూడా మామూలు బండి వేగమే ఉండాలి. దారి ఖాళీగా ఉంది గదా అని కూత లేకుండా వంద మీద పోతే, సందులోంచి పాల క్యాన్లతో వచ్చే సైకిలు మనిషికి మీరు వస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?